లక్ష్మీపతి అంగ

కళ్యాణదుర్గంలో డ్రిప్పు పైపులమ్మే అంగళ్ళు ఎన్ని ఉన్నా, టేపు లేకుండా చేను కొలిచే వ్యాపారి లక్ష్మీపతి ఒక్కడే. అతని అంగ రెండున్నర అడుగులు. ఎకరా చదరానికి ఒక పక్క ఎనభై నాలుగు అంగలు. గట్టు మీద చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఎంత పైపు పడుతుందో అక్కడే చెప్పేసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పైపు చుట్ట మిగిలిందని గానీ, చాలలేదని గానీ ఏ రైతూ తిరిగి రాలేదు. జనం అతని అంగడికి వచ్చేది ఆ అంగను నమ్మే.

అలాంటివాడు మాఘమాసంలో బాలప్ప చేనులో లెక్క తప్పాడు.

బాలప్ప పాత మిత్రుడు. కింద బత్తాయి చెట్ల చీనీ తోట ఉంది, పైన మెరకలో ఇంకో రెండెకరాలకు డ్రిప్పు వేయాలనుకున్నాడు. లక్ష్మీపతి మెరకెక్కడం మొదలుపెట్టాడు. అరవయ్యో అంగ దగ్గర రొమ్ము మీద ఎవరో శెనక్కాయల మూట దించినట్టయింది. నిలబడ్డాడు. మట్టిని చూస్తున్నట్టు వంగి, బీడీ ముట్టించాడు. లేచేసరికి అంకె పోయింది. మళ్ళీ గట్టు దగ్గరికి వచ్చి మొదటి నుంచి నడిచాడు. డెబ్బై దగ్గర మళ్ళీ అదే మూట.

మూడోసారి తిరిగొస్తుంటే బాలప్ప అడిగాడు. "ఏమన్నా, నా చేన్లో ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"ఎండప్పా, ఎండ."

"పొద్దింకా గుట్ట దాటలేదు కదన్నా."

లక్ష్మీపతి గట్టు దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. టేపు తెప్పిద్దామా అని కూడా బాలప్ప అడగలేదు. "నువ్వు నడిచినప్పుడే పైపు వేస్తాలే. వానలకు ముందైతే చాలు" అన్నాడు. కానీ ఆ సాయంత్రమే వెళ్ళి లక్ష్మీపతి భార్య గంగాదేవికి అంతా చెప్పేశాడు. మర్నాడు మొదటి బస్సుకు ఆమె మొగుణ్ణి అనంతపురం తీసుకుపోయింది.

గుండె డాక్టరు మహేశ్వరి అతణ్ణి నడిచే బెల్టు మీద ఎక్కించింది. నాలుగో నిమిషానికే దించేసింది. తర్వాత మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గుండె రక్తనాళాలు చూసింది.

"ఒకటి నూటికి అరవై అయిదు పాళ్ళు ఇరుకైంది. మిగతా రెండింట్లోనూ పొర మొదలైంది" అంది తెర చూపిస్తూ. "మీది డ్రిప్పు వ్యాపారం కదా, పైపు లోపల పొర కట్టినట్టే అనుకోండి. పొగ రక్తనాళం లోపలి గోడను చెడగొడుతుంది. చెడిన చోట కొవ్వు చేరుతుంది. పైగా రక్తం తొందరగా గడ్డకడుతుంది. బీడీలు రోజుకెన్ని?"

"ఒక కట్టమ్మా."

"రెండు కట్టలు" అంది గంగాదేవి.

"సగం కాల్చి ఆర్పేస్తానమ్మా. రెండు సగాలు ఒకటే కదా లెక్క."

"అన్నిసార్లూ పొగ లోపలికే కదా పోయేది" అంది డాక్టరు. "బీడీ పూర్తిగా మానాలి. మాడిన నూనెలో వేయించినవి, పొట్టేలు కొవ్వు, ఊరగాయల ఉప్పు తగ్గించాలి. ఇప్పటికి మాత్రలతో చూద్దాం. మూడు నెలలకు మళ్ళీ బెల్టు ఎక్కిస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే స్టెంటు సంగతి మాట్లాడాలి."

"చేను నడవొచ్చా?"

"చదును నేల మీద మెల్లగా నడవండి. మెరక మాత్రం ఇప్పుడే వద్దు."

మెరక లేని చేలు ఈ తాలూకాలో ఎన్ని ఉన్నాయో లక్ష్మీపతికి తెలుసు. నడవలేకపోతే అతనూ పక్క అంగడివాళ్ళలాగా టేపు పట్టుకుని తిరగాల్సిందే. బస్సు కిటికీ దగ్గర కూర్చుని దారిపొడవునా ఆలోచించాడు. పైపుల్లో పొర సంగతి తనకు ఎవరో చెప్పాలా? ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పు. ఏడాది తిరిగేసరికి పైపు లోపల సున్నంలా తెల్లగా పేరుకుంటుంది. దానికి మందు యాసిడ్. నీళ్ళలో కలిపి పైపులోకి పంపి, ఒక రాత్రి వదిలేసి, తెల్లారి కొన విప్పితే మడ్డంతా బయటికొస్తుంది. మరి మనిషి తాగగలిగే పులుపేది?

మర్నాటి నుంచి పరగడుపున ఆరు నిమ్మకాయలు పిండించుకుని, ఉప్పు లేకుండా చక్కెర లేకుండా చెంబెడు తాగడం మొదలుపెట్టాడు.

తను మాత్రలు కొనడానికి పోయినప్పుడు డాక్టరమ్మ చెప్పింది కాబోలనుకుని గంగాదేవి మురిసిపోయింది. ఇంట్లో రాగిసంకటి, ఆకుకూర, మజ్జిగ పెట్టింది. అతను కిక్కురుమనకుండా తిన్నాడు. సాయంత్రమైతే మాత్రం బస్టాండు దగ్గర నాగలక్ష్మమ్మ బండి మీద మిరపకాయ బజ్జీలు, అంగడి వెనక బీడీలు మామూలే. అతని లెక్క అతనికుంది. ఆరు నిమ్మకాయలు ఒక కట్ట బీడీలను కడుగుతాయి. ఇంకో రెండు పిండితే నాలుగు బజ్జీలు పోతాయి. నెల తిరిగేసరికి పళ్ళు జివ్వుమని మెత్తటి అరటిపండు కూడా కొరకలేకపోయాడు. కడుపులో ఒకటే మంట. యాసిడ్ బాగా పని చేస్తున్నట్టుందని సంతోషించాడు.

ఒకరోజు బాలప్ప చీనీ తోటలోంచి మూరెడు పైపు ముక్క కోసుకొచ్చి గల్లా బల్ల మీద పెట్టాడు.

"చూడన్నా నీ పైపు. చెట్లకు నీళ్ళు పోవడం లేదు. ప్రతి అతుకు దగ్గరా కారుతాండాది."

లక్ష్మీపతి ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు. లోపల ఎర్రటి ఒండ్రు. "యాసిడ్ ఎన్నిసార్లు పట్టించినావు?"

"వారం వారం. మొత్తం కడిగేస్తాదని."

"ఫిల్టరు జల్లెడ?"

"అది చినిగి ఆరు నెలలాయ. యాసిడ్ పోస్తాండా కదా, జల్లెడతో ఏం పని అనుకుంటి."

లక్ష్మీపతి బీడీ నోట్లో పెట్టుకునే విరుచుకుపడ్డాడు. "నీకు బుద్ధుండాదా బాలప్పా? పైన ఒండ్రు ఆపకుండా కింద యాసిడ్ పోస్తే ఏమైతాది? యాసిడ్ సున్నాన్ని కరిగిస్తాది గానీ మట్టిని కరిగిస్తాదా? పోసి పోసి అతుకుల్లో రబ్బర్లు తినేసింది. మట్టి మాత్రం యాడుండేది ఆడనే ఉండాది. ముందు లోపలికి పోయేది ఆపల్ల. ఆపకుండా ఎంత కడిగినా..."

అక్కడ ఆగిపోయాడు.

బాలప్ప కళ్ళు నులుముకున్నాడు. "చెప్పన్నా, వింటాండా. కాకపోతే నీ పొగంతా నా కంట్లోకే వస్తాండాది."

లక్ష్మీపతి బీడీని చూశాడు. పైపు ముక్కను చూశాడు. పొట్ట నిమురుకున్నాడు. బీడీని బల్ల మీది నీళ్ళ గ్లాసులో ముంచాడు. చెవి మీద దాచిన సగం బీడీ తీసి అదీ ముంచాడు.

లోపలి నుంచి వచ్చిన గంగాదేవి ఆ గ్లాసు చూసి, "ఇదేం మందయ్యా?" అంది.

"ఇదే మొదటి మందు. రేపటి నుంచి నిమ్మకాయలొద్దు."

"డాక్టరమ్మ చెప్పింది కదా."

"ఆమె యాడ చెప్పింది? అది నా పైపుల మందు."

విషయం అర్థమయ్యాక గంగాదేవి పైపు చుట్ట మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నెలకు రెండు వందల కాయలు పిండిస్తివే నాతో. నువ్వు కరిగిపోకుండా మిగిలినావు, అదే చాలు."

మర్నాడే అనంతపురం పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు మహేశ్వరి నవ్వాపుకోవడానికి బల్ల మీది కాగితాలు రెండుసార్లు సర్దింది. "రక్తనాళంలో చేరింది కడిగితే పోయేది కాదు" అంది. "ఉన్నది ఉండొచ్చు. అది పెరగకుండా, పగలకుండా చూసుకోవడమే మన పని. కడుగుడు పక్కన పెట్టి, జల్లెడ బాగుచేసుకోండి." బీడీ మానడానికి నమిలే బిళ్ళలు రాసి, బెల్టు పరీక్షను ఇంకో నెల వాయిదా వేసింది.

మొదటి వారం అతను అందరితోనూ పోట్లాడాడు, ఫ్యానుతో సహా. బీడీల డబ్బాలో సోంపు పోసుకున్నాడు. నాగలక్ష్మమ్మ బండి దగ్గరికి పోవడం మానలేదు గానీ, అక్కడ బజ్జీ బదులు ఉప్పు లేకుండా ఉడికించిన శెనక్కాయలు తిన్నాడు. "నీ కోసం వేరే కుండ పెట్టల్లనా?" అని ఆమె గొణిగింది. పది రోజుల్లో ఆ కుండకు ఇంకో అయిదుగురు తయారయ్యారు. పొద్దున్నే రైల్వే గేటు దాకా చదును దారిలో నడిచేవాడు.

మూడో వారంలో అంగడి తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గంగా, ఏందీ కంపు?"

"కొత్త పైపులది."

"ఎప్పటి నుంచి?"

"ఇరవై రెండేళ్ళ నుంచి" అంది గంగాదేవి.

ఆ రోజు సంకటిలోకి వేసిన గోగాకు రుచి అతనికి కొత్తగా తెలిసింది. రెండో ముద్ద అడిగాడు. ఆమె సగం ముద్దే పెట్టింది.

జూన్ మొదట్లో బెల్టు ఎక్కాడు. నాలుగో నిమిషం దాటింది. ఆరు దాటింది. తొమ్మిదో నిమిషంలో డాక్టరే చాలంది. రొమ్ము మీద మూట రాలేదు. "మాత్రలు ఆపొద్దు. బీడీ వాసన కూడా చూడొద్దు. ఇప్పటికి స్టెంటు అక్కర్లేదు. మెరక ఎక్కొచ్చు, తొందరపడకుండా" అంది.

రెండో రోజే ముగ్గురూ బాలప్ప చేనులో ఉన్నారు. గంగాదేవి మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. బాలప్ప తువ్వాలు కింద ఏదో దాచుకున్నాడు.

లక్ష్మీపతి చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముందురోజు పడిన చినుకులకు ఎర్రమట్టి మెత్తగా ఉంది. అరవై. డెబ్బై. ఊపిరి బరువైంది గానీ నొప్పి రాలేదు. నూరు. చివరి గట్టు మీద నిలబడి గట్టిగా చెప్పాడు. "నూట అరవై ఎనిమిది."

బాలప్ప తువ్వాలు కింది నుంచి టేపు బయటికి తీశాడు. సిగ్గుపడుతూనే పట్టాడు. నాలుగు వందల నలభై అడుగులు.

లక్ష్మీపతి మొహం వాడిపోయింది. రెండున్నర అడుగుల లెక్కన నూట డెబ్బై ఆరు రావాలి. పై నుంచి కిందికి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మళ్ళీ నూట అరవై ఎనిమిదే.

"ఎనిమిది అంగలు యాడ పోయినాయన్నా? చేను ముడుచుకుందా?" అన్నాడు బాలప్ప.

గంగాదేవి లేచి వచ్చి టేపు లాక్కుంది. మెత్తటి మట్టిలో పడిన అడుగుజాడల దగ్గర వంగి, ఒక మడమ నుంచి తర్వాతి మడమ దాకా పట్టింది. ఇంకో చోట పట్టింది. మూడో చోట కూడా పట్టి, తల పైకెత్తింది.

"రెండడుగుల ఏడున్నర అంగుళాలయ్యా."

లక్ష్మీపతి తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నోట్లోనే లెక్క వేసుకున్నాడు. సరిపోయింది. రొమ్ము బరువెక్కకుండా ఉండాలని ఎన్నేళ్ళుగా అంగ కురచ చేసుకుంటూ నడిచాడో అతనికే తెలియదు.

"ఇరవై రెండేళ్ళ లెక్క పాయ" అన్నాడు నవ్వుతూ. "ఎకరాకు ఎనభై నాలుగు కాదింక. ఎనభై."

"సరే, పైపెంత పడుతుందో చెప్పు" అన్నాడు బాలప్ప.

"ఉండప్పా. వెడల్పు చూడలేదు కదా."

"పొడవు తెలిసె, రెండెకరాలని తెలిసె. ఇంక నడిచేదేముంది?"

లక్ష్మీపతి అప్పటికే పది అంగలు దాటాడు.