దిగే ముందు ఒక మాట

చిద్రిలో ఆ శనివారం సాయంత్రం హేబ్సిబా టీచరమ్మ ఇంటి ముందు షామియానా లేచింది. డేగులో బిర్యానీ దమ్ మీద ఉంది. సంఘం వాళ్ళంతా వందనాలు చెప్పుకుంటూ కుర్చీల్లో సర్దుకుంటున్నారు. పెద్దకూతురు కెజియా విమానాల కంపెనీలో పైలట్ అయినందుకు కృతజ్ఞత ప్రార్థన. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటే తక్కువ. కెజియా ఇంకా పైలట్ కాలేదు.

ఆ సంగతి చెల్లెలు షెకినాకు ఒక్కదానికే తెలుసు.

చిన్న చిన్న ఊళ్ళ మధ్య విమానాలు తిప్పే కంపెనీ అది. కెజియాను ఉద్యోగంలోకి తీసుకుని హైదరాబాదులో ట్రైనింగ్ ఇస్తోంది. లైసెన్సు ఎప్పుడో చేతికొచ్చినా, ఈ ట్రైనింగ్ గట్టెక్కితేనే సీటు. రాత పరీక్షలు అవలీలగా దాటింది. సిమ్యులేటర్‌లో, అంటే విమానం ముందు భాగాన్ని కోసి గదిలో పెట్టినట్టుండే యంత్రంలో, ఒక ఇంజన్ ఆగిపోయినా తొణక్కుండా దించేది. లీవర్లు తోయగానే ఆ యంత్రం ఉరుముతుంటే ఈల వేయాలనిపించేది. అంత ఖుషీలో ఉన్న పిల్ల, తీరా చివరి పరీక్షలో బోల్తా పడింది.

ఆ రోజు ఆ యంత్రంలోనే కెప్టెన్ సీట్లో కూర్చుని విమానం దించింది ట్రైనింగ్ ఇచ్చే గురురాజ్ సారే. ఆయనది హుమ్నాబాద్ దగ్గర నిర్ణా. పక్కసీట్లో కెజియా చేయాల్సింది కనిపెట్టి ఉండటం. నేల దగ్గరపడుతున్నప్పుడు అన్నీ కుదిరి ఉంటే 'స్టేబుల్' అనాలి. కుదరకపోతే 'గో అరౌండ్' అనాలి. ఆ మాట పడిందంటే ఎంతటి కెప్టెనైనా దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవాల్సిందే. సారు కావాలనే వేగం ఎక్కువ పెట్టుకుని వచ్చాడు. కెజియా చూసింది. "సార్, స్పీడు జర..." అని గొణిగింది. సారు విననట్టే దించేశాడు.

"చూసినవ్ గద, ఎందుకు చెప్పలే?" అన్నాడు తర్వాత.

"మీరు పెద్దోళ్లు గద సార్."

సారు తల పట్టుకున్నాడు. "సోమవారం ఇంకోసారి పెడత. గదీ పోతే ఇంటికే."

తప్పెవరిదంటే హేబ్సిబా టీచరమ్మదనే చెప్పాలి. ఏళ్ళతరబడి బడి నడిపిన మనిషి. అమ్మ మాట్లాడుతుంటే ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుందని షెకినా ఎగతాళి చేస్తుంది. ఆమెకు ఎదురు చెప్పి ఎరగరు పిల్లలు. కెజియా ఇంటికి రాగానే నిజం చెప్పబోయింది. "అమ్మా, పరీక్షల..." అనే లోపే "దేవుడు గొప్పోడు బిడ్డా!" అంటూ ఆవిడ ఫోన్ అందుకుని ఔరాద్‌లోని చుట్టాలందరినీ పిలిచేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం అక్కకు అలవాటు కావాలని షెకినా దివాన్ మీద కెప్టెన్‌లా కూర్చుని, గరిటె పట్టుకుని విమానం దించింది. "గో అరౌండ్!" అని కెజియా అరిస్తే వంటవాళ్ళు తొంగిచూశారు.

"నా మీద ఎవరైనా ఒర్లుతరు అక్కా," అంది షెకినా చెవులు మూసుకుని. "పెద్దోళ్ళ మీద ఒర్లి చూపెట్టు."

అక్కడే ఉంది తిరకాసంతా.

పాటలయ్యాయి. "ఇప్పుడు టీచరమ్మ సాక్ష్యం చెప్తరు," అన్నాడు సిలాసు పాస్టరయ్య. దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పడానికి హేబ్సిబా పట్టుచీర కుచ్చిళ్ళు సవరించుకుని లేచింది. ఆమె కాళ్ళు నేల మీద లేవు. "నా బిడ్డ కెజియా అన్ని పరీక్షలు..." అని మొదలుపెట్టింది.

కెజియా చూసింది. అమ్మ మహా వేగం మీద ఉంది. ఇంకొక్క మాట అంటే అబద్ధం నలుగురి ముందూ, దేవుడి ముందూ పడిపోతుంది. సోమవారం మళ్ళీ తప్పితే ఈ జనంలో అమ్మ తలెత్తుకుని ఎలా తిరుగుతుంది?

"అమ్మా, గో అరౌండ్!"

ఆడుకుంటున్న పిల్లలు కూడా నిలబడిపోయారు.

"ఏందే?" అంది హేబ్సిబా.

"ఆగమ్మా. నేనింకా పాస్ కాలే. ఒకసారి ఫెయిలైన. సోమవారం మళ్ళ ఉంది. గా మాట ఇప్పుడే చెప్పకు."

హేబ్సిబా ముఖం ఎర్రబడింది. అక్క చెంప పగలడం ఖాయమనుకుంది షెకినా.

"నన్ను ఆపినవ్," అంది తల్లి నెమ్మదిగా. "ఇంతమందిల."

"ఆపిన."

"ఎందుల ఫెయిలైనవ్?"

"కెప్టెన్‌ను ఆపనందుకు."

హేబ్సిబాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాస్టరయ్యా, కృతజ్ఞతలు పక్కకు పెట్టుండ్రి. సోమవారం కోసం గట్టిగ ప్రార్థన చేయుండ్రి. బిర్యానీ అయితే ఆగేది లేదు."

సోమవారం గురురాజ్ సారు ఈసారి ఎత్తు ఎక్కువ పెట్టుకుని వచ్చాడు. పైగా "ఏం గాదు, దించేస్త" అని దబాయించాడు. కెజియాకు పట్టుచీరలో ఉన్న అమ్మ కళ్ళ ముందు మెదిలింది. ఆమెనే ఆపింది, ఈయనెంత?

"గో అరౌండ్!"

సారు లీవర్లు ముందుకు తోశాడు. యంత్రం ఉరిమింది. ఎదుటి తెర మీద రన్‌వే కిందికి జారిపోయి, అంతా ఆకాశమే అయింది. కెజియా ఒళ్ళంతా పులకరించిపోయింది. పరీక్ష పాసై బయటికొచ్చాక వరండాలో నిలబడి నిజంగానే ఈల వేసింది. సారు విననట్టే వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం చిద్రిలో మళ్ళీ అదే షామియానా, అదే డేగు, అవే వందనాలు. హేబ్సిబా లేచింది. "నా బిడ్డ కెజియా..." అంది.

ఆగింది. ఈసారి ఎవరూ ఆపలేదు. తనే తల తిప్పి ముందు వరుసలో ఉన్న కూతురివైపు చూసింది, బడిలో పిల్లలు తనవైపు చూసినట్టు.

కెజియా లేచి నిలబడింది. ఆమె మాట చివరి కుర్చీ దాకా వినిపించింది.

"స్టేబుల్, అమ్మా. చెప్పు."