బీరువాలో గొంతు

"బాత్రూంల జారిపడ్డదంటే ఎవడు చూస్తడే? తాగి పడ్డదని చెప్పు. జర మసాలా ఉండాలె." రాజేందర్ సిమ్ లేని పాత ఫోన్ భార్య చేతిలో పెట్టాడు.

సుజాత పప్పు దించి చేతులు కొంగుకు తుడుచుకుంది. అతను చెప్పేది ముంబైలోని ఒక హిందీ హీరోయిన్ గురించి. నిన్న ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకొని, వాచిన చెంపతో కెమెరాలకు దొరికి, బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది.

మహబూబాబాద్‌లో ఈ రెండు గదుల అద్దింట్లోనే నడుస్తుంది రాజేందర్ యూట్యూబ్ చానెల్. హిందీ తారల పెళ్లిళ్లు, విడాకులు, కొట్లాటలు. లక్షమందికి పైగా చూస్తారు. బొమ్మ అతనిది, పేరు అతనిది. హిందీలో విని, తెలుగులో రాసి, చదవడం మాత్రం సుజాత పని. చిన్నప్పుడు అమ్మానాన్నలు ముంబైకి కూలికి పోతే, లేస్తున్న బిల్డింగుల కింద ఆడుకుంటూ నేర్చిన హిందీ అది. "కూలోళ్ల హిందీ" అని రాజేందర్ నవ్వుతాడు. "కూసొని మాట్లాడుడు గూడ పనేనా?" అంటుంది అత్త, ఊరి నుంచి వచ్చినప్పుడల్లా. గదిలో గొంతు మోగుతోందని బీరువా తెరిచి చీరల మధ్య తల దూర్చి రికార్డు చేసే ఉపాయం కూడా సుజాతదే. రెండేళ్లుగా ఆ చీకట్లోనే ఎందరో ఆడవాళ్లకు పొగరని, సర్దుకుపోవడం రాదని తీర్పులు చెప్పింది.

హీరోయిన్ ముఖాన్ని పెద్దది చేసి చూసింది. దవడ దగ్గర పౌడరు మందంగా ఉంది. ఎందుకో సుజాతకు తెలుసు. పోయిన సోమవారం దవాఖానలో ఈ దెబ్బేంటని నర్సు అడిగితే, తను నోరు తెరవకముందే రాజేందర్ జవాబిచ్చాడు: "బాత్రూంల జారిపడ్డది మేడం." ఆ రోజే సుజాత ఫోన్ లాక్కున్నాడు. బయటికి వెళ్తే తలుపుకు తాళం వేస్తున్నాడు. "నువ్వు తండాకు వోతే చానెల్ ఎవడు నడుపుతడే?" అన్నాడు.

బయ్యారం దగ్గరి ఆ తండాలో అమ్మ చంద్రి ఉంది. సుజాత ఆమెను తమ భాషలో యాడీ అని పిలుస్తుంది. చంద్రికి చదువు రాదు, హీరోయిన్లెవరో తెలియదు. అయినా తమ్ముడు గణేశ్ రోజూ చానెల్ పెడితే, బిడ్డ గొంతు కోసం చివరిదాకా వింటుంది.

సుజాత చీరల మధ్య తల దూర్చింది. గొంతులో ఎప్పటి హుషారు తెచ్చుకుంది.

"సంచలన వార్త! ఆమె జారిపడలేదు. తాగి పడలేదు. మొగుడు కొట్టాడు. ఆమె పేరు సుజాత." ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. దవాఖాన, తాళం, పచ్చ గేటు ఇల్లు. చివరికి హుషారు జారిపోయింది. "యాడీ, వింటున్నవా? గణేశ్‌ను పోలీసోళ్లను తోలుకొని రమ్మను. జల్ది రమ్మను."

"ఎన్ని నిమిషాలొచ్చింది?" అవతలి గదిలో ఇయర్‌ఫోన్లు తీసి అడిగాడు రాజేందర్.

"మూడున్నర."

ఆ గొంతు మీద హీరోయిన్ ఫొటోలు వరుసగా అతికించాడు. ఎన్నడూ వినని మనిషి, ఇవాళ ఎందుకో ప్లే నొక్కాడు.

"సంచలన వార్త! ఆమె జారిపడలేదు..."

సుజాత గోడ పట్టుకుంది.

"గట్లుండాలె!" రాజేందర్ అక్కడికే ఆపి, అప్‌లోడ్ నొక్కి, "ఇగ అన్నం పెట్టు" అన్నాడు.

సుజాత వంటింట్లోకి వెళ్లలేదు. తండా నుంచి బండి మీద గంట దారి. చెప్పులు తొడుక్కుని, తలుపుకు ఎదురుగా కూర్చుంది.