రెండు పెట్టెల నూగు

గద్వాలలో ఆ మగ్గాల వీధివాళ్లకు పొద్దున్నే మొదటి పని నిన్నటి చప్పుడును ఊడ్చిపారేయడం. అక్కడ చప్పుడు గాలిలో కలిసిపోదు. మెల్లగా నేలకు దిగి నూగై పడుతుంది. మగ్గం చప్పుడు బూడిద రంగు, పాటలు పసుపు. అత్తాకోడళ్ల గొడవలైతే నల్లగా, జిగురుగా, చీపురుకు ఒక పట్టాన రావు. భీమమ్మ ఆ నూగంతా చాటలోకెత్తి బయట పోసి, మగ్గానికి ఎక్కించిన పడుగు దారాల మీద కూడా పడిందని రోజూ విసుక్కునేది. అంతకు మించి దాని గురించి మాట్లాడే తీరిక ఎవరికుంది?

ఆమె మొగుడు బాలస్వామికి మగ్గం మోతతో ఎనిమిదేళ్ల కిందటే చెవులు పోయాయి. కండెలు చుడుతూ పాటలు వినేది భీమమ్మే. 2006 వానాకాలంలో ఆమె పాత స్పీకరు పగిలింది. కొత్తది కావాలి. భీమమ్మ ఏది కొంటే వీధి వీధంతా అదే కొంటుంది.

ఈ మాట తెలిసి సుధాకర్‌కు నిద్ర పట్టలేదు. బస్టాండు ఎదురుగా తండ్రి పెట్టిన దుకాణం అతనిది. స్పీకర్ల చెక్కపెట్టెలు తనే చేస్తాడు. వాటికి వైరు లాగి, విడిగా ఉన్న యాంప్లిఫయర్‌కు కలిపితేనే పాడతాయి. స్టేషన్ రోడ్డులో నాగేశ్ కొత్త దుకాణం తెరిచి, యాంప్లిఫయర్ లోపలే ఉన్న పెట్టెలు అమ్ముతున్నాడు. డబ్బా మీద యాక్టివ్ అని రాసి ఉంటుంది, ప్లగ్గు పెడితే చాలు. సుధాకర్ ఆర్నెల్లుగా ఒక్క పెట్టె అమ్మలేదు. హైదరాబాదులో ఉండే బావమరిది అక్కడే ఓ గేటు కాడ వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. ఈ వీధి కూడా పోతే షట్టరు దించి బస్సెక్కడమే.

"అమాసనాడు ఇద్దరూ మీ పెట్టెలు తేండ్రి. ఆ దినం మగ్గాలు ఆడవు, నూగు కల్వదు" అంది భీమమ్మ.

అమావాస్య నాడు వీధంతా ఆమె ఇంట్లోనే ఉంది. ఒకటే టేపు, ఒకటే బతుకమ్మ పాట, ఒకటే చోటు. కింద తెల్లగుడ్డ. నాగేశ్ పెట్టె పాడాక నూగు ఎత్తి పక్కన పెట్టారు. తర్వాత సుధాకర్ వంతు. ఎవరూ చూడకుండా వాల్యూం నువ్వుగింజంత ఎక్కువ తిప్పాడు.

"సుధాకర్‌దే మంచిగున్నది!" అన్నారు అందరూ.

భీమమ్మ మాత్రం జరీ తూచే తక్కెడ తెచ్చింది. సుధాకర్ నూగు రెండు తులాలు ఎక్కువ తూగింది.

"కుప్ప పెద్దగుంటే కండ్లకు మంచిగనే కొడ్తది. తూకం సమానం జేసి మళ్ల పాడియ్యుండ్రి" అంది. ఎవరినీ తప్పు పట్టలేదు. అయినా సుధాకర్ చెవులు వేడెక్కాయి.

తూకం సమానమయ్యేదాకా వాల్యూం తిప్పారు. ఏది పాడుతున్నదో కనబడకుండా చీర అడ్డం కట్టారు. ఈసారి సగం మంది ఒకటన్నారు, సగం మంది ఇంకొకటన్నారు.

"ఇగ ఆయన్నే అడుగుదాం. చెవులు లేకున్నా నూగు సంగతి చేతికి తెలుస్తది" అని భీమమ్మ రెండు కుప్పలూ మొగుడి ముందు పెట్టింది.

బాలస్వామి మొదటి కుప్పను తొడ మీద పెట్టి పురి తిప్పాడు. సన్నని పసుపు దారం తెగకుండా వచ్చింది. నేతగాడు కత్తెర వెతుక్కోడు కదా, అలవాటుగా దారాన్ని పంటితో కొరికాడు. కొరికి, అలాగే ఆగిపోయాడు.

"ఎవరో పాడుతుండ్రే" అన్నాడు. "నా పండ్లల్ల ఇనబడుతున్నది."

భీమమ్మ చేతిలోని తక్కెడ కింద పెట్టేసింది. ఎనిమిదేళ్లయింది ఆయన 'ఇనబడుతున్నది' అనే మాట అని.

రెండో కుప్ప ఉండలు ఉండలుగా వచ్చింది. "గీడ తట్టుకుంటున్నది పాట. డోలు వచ్చినప్పుడల్లా తెగుతున్నది" అన్నాడు.

అది సుధాకర్‌ది. పెట్టెలో తప్పు లేదు. దానికి చాలని చౌక యాంప్లిఫయర్ తెచ్చాడు, అంతే. ఏమీ అనకుండా వైరు చుట్టుకుని పోవచ్చు. కానీ ముసలాయన ముఖం చూశాక భీమమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, ఇందాక వాల్యూం నేనే ఎక్కువ తిప్పిన. యాంప్లిఫయర్ గూడ దీనికి తగింది కాదు, ధర తక్కువ చెప్పొచ్చని తెలిసే తెచ్చిన. మా నాయినది ఇంట్ల ఉంది. జర ఆగుతరా?"

"తేనియ్యి పెద్దమ్మా" అన్నాడు నాగేశ్. "నాదాంట్ల తగింది కంపెనోళ్లే లోపల పెట్టి ఇచ్చిండ్రు. ఆయనకూ తగింది ఉంటెనే లెక్క."

తండ్రి యాంప్లిఫయర్ తెచ్చి, మళ్లీ తూకం సమానం చేసి పాడించారు. ఈసారి దారం సాఫీగా వచ్చింది. బాలస్వామి రెండు దారాలూ మార్చి మార్చి కొరికి చూశాడు.

"రెండింట్ల ఒకటే పాట. నాకేం తేడా తెల్వదు."

వీధంతా నీరుగారింది. సుధాకర్ యాంప్లిఫయర్ వెనక వైరు తీయబోతుంటే భీమమ్మ వంగి చూసింది.

"గీ బొక్క ఏంది?"

"మైకు పెట్టేది, పెద్దమ్మా."

"నాగేశూ, నీదాంట్ల ఉన్నదా?"

"లేదు పెద్దమ్మా. టేపుకొక్కటే."

భీమమ్మ మాటలూ రోజూ నేల మీద పడేవే. కానీ చిటికెడంత, అదీ మగ్గం నూగులో కలిసి. ఎవరు ఏరి వడుకుతారు? మైకులో అంటే అవే మాటలు కుప్పగా పడతాయని గ్రహించి సుధాకర్ దుకాణానికి పరుగున పోయి మైకు తెచ్చాడు. అంతమంది ముందు భీమమ్మకు సిగ్గేసింది. ఏం మాట్లాడాలో తోచక చివరికి, "పొద్దు వోయింది, లేసి చేతులు కడుక్కోండ్రి, అన్నం పెడ్త" అంది.

తెల్లగుడ్డ మీద పాటలాగే పసుపుగా పిడికెడు నూగు పడింది. బాలస్వామి పురి పెట్టి, కొరికి, కళ్లు మూసుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన చూసింది వినబడాలని అరిచే ఆమె ముఖమే.

"ఏమే," అన్నాడు. "నీ గొంతు గింత మెత్తగ ఉండేదా? మర్చేపోయిన."

భీమమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. చూసినవాళ్లూ ఏడ్చారు.

పాటలు మాత్రమే కావాలన్నవాళ్లు నాగేశ్ పెట్టెలు కొన్నారు. వైరు కాళ్లకు తగలదు, మంచివే మరి. కానీ ఆ వీధిలో చెవులు పోయిన ముసలాయన లేని ఇళ్లెన్ని? వాళ్లంతా సుధాకర్ దగ్గరికే వచ్చారు. అతను బావమరిదికి ఫోన్ చేసి రానని చెప్పాడు.

ఇప్పుడు పొద్దున్నే భీమమ్మ ఊడ్వడానికి చీపురు తీస్తే బాలస్వామి ఆపుతాడు. ముందు ఆయన అందులోంచి ఆమె మాటల పసుపు నూగు ఏరుకోవాలి.