లాయరమ్మ తినేసిన సాక్ష్యం

రెండువేల రెండులో మా పెదనాన్న గోపాలకృష్ణంరాజుగారి రొయ్యల కంటైనరు హాలెండు రేవులో ఇరుక్కుంది. సరుకు కుళ్లిందనీ, పైసా ఇవ్వననీ కొన్నవాడు కోర్టుకెక్కాడు. ఓడితే భీమవరం పక్కనున్న చెరువులన్నీ బ్యాంకుపాలే.

ఆ దేశంలో లాయర్నెలా పట్టడం? తణుకు ప్లీడరుగారు ఏలూరు దాటితే తనకెవరూ తెలీదన్నారు. చివరికి ఓడల్లో పనిచేసే జీవరాజు బాబాయి మార్లీన్ అనే అక్కడి లాయరమ్మ నంబరిచ్చాడు. ఫోనెత్తగానే పెదనాన్న నాచేత ఇంగ్లీషులో అడిగించిన మొదటి మాట, "భోంచేశారా అండి?" ఆవిడ కాసేపు తడబడి, ఇంకా లేదంది. "పాపం, పనిమంతురాలు. ఈవిణ్ణే పెట్టుకుందాం," అన్నారాయన.

చెరువులు కళ్లారా చూడాలని మార్లీనే మా ఊళ్లో దిగింది. మాకున్న సాక్ష్యం ఒక్కటే. కంటైనరుకెక్కిన సరుకులోంచే తీసి, ఫ్యాక్టరీవాళ్లు సీలు వేసిచ్చిన పెట్టెడు రొయ్యలు. ఇంట్లో ఫ్రీజర్లో ఉన్నాయి. ఆవిడ సీలు చూసి, ఫొటో తీసుకుని, "ల్యాబుకి పట్టుకెళ్తాను, ముట్టుకోకండి," అంది. మా దొడ్డమ్మ సుబ్బాయమ్మ అందరికంటే గట్టిగా తలూపింది.

చెరువులు తిరిగొచ్చి భోజనాలకి కూర్చున్నాం. మార్లీన్ రొయ్యల ఇగురు రెండుసార్లు అడిగి వేయించుకుంది. మూడోసారి అడక్కుండానే పడింది.

"ఇవాళ పట్టినవేనా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

నేను తెలుగులో అడిగాను.

"కాదండి. పొద్దున్న తమరు ఫొటో తీసుకున్నవే," అంది దొడ్డమ్మ.

పెదనాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మన చెరువుల్లోవి ఇంకా పిల్లలే. బజారంతా వెతికించానండి. చిటికెనవేలంత రొయ్య కూడా లేదు. అంత దూరం నుంచొచ్చినావిడకి పప్పుచారు పోసి పంపమంటారా? పరువేం కాను?"

"చెరువులు పోయాక ఆ పరువెక్కడ ఆరేసుకుందామంటారు?" అన్నారు పెదనాన్న.

మార్లీన్ నావైపు చూసింది. దాచి లాభం లేదని చెప్పేశాను. ఆవిడ తన విస్తరి చూసుకుంది. పొలమారింది. నీళ్లు తాగింది. తర్వాత ఒకటే నవ్వు, కుర్చీ కిర్రుమనేట్టు.

"ఇక నేను మీ లాయర్ని కాను," అంది.

అది తెలుగులో చెప్పగానే దొడ్డమ్మ మొహం మాడిపోయింది.

"సాక్షిని. సీలు చూసింది నేనే, తిన్నది నేనే. మా దగ్గర ఒకే మనిషి లాయరూ, సాక్షీ రెండూ కాకూడదు. వాదన నా పార్ట్‌నరు చూసుకుంటాడు. కుళ్లిన సరుకైతే మూడుసార్లెలా తిన్నానో కోర్టులో నేను చెప్తాను."

పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, తాపీగా నమిలి, "అవతలివాడి లాయర్ని కూడా ఓసారి భోజనానికి రమ్మనమని చెప్పరా," అన్నారు.

ఆ అవసరం రాలేదు. మార్లీన్ రాసిచ్చిన వాంగ్మూలం చూసి కొన్నవాడు రాజీకొచ్చాడు. అందులో సగం ఇగురు గురించేనట.