మడతల మాస్టారు

మా తమ్ముడికి నలభై ఏళ్లు. అక్షరం ముక్క రాదు, గడియారం చూడడం రాదు. కానీ వాడు మడిచినట్టు దుప్పటి మా లాండ్రీలో ఇంకెవరూ మడవలేరు. అంచుకి అంచు, మూలకి మూల. అందుకే అందరూ మడతల మాస్టారు అంటారు. నేను పక్క గదిలో ఇస్త్రీ చేస్తాను.

మెచ్చుకుంటూ ఎవరైనా "ఇది ఎవరు చేశారు?" అని అడిగితే తల దించుకునేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. "బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేంట్రా? ఛాతీ విరుచుకుని నేనే అని చెప్పు!" అని నేర్పాను. ఆ తప్పు నాదే.

ఒకరోజు మా గోదాము అంటుకుంది. వైరింగ్ పాతదని అందరికీ తెలుసు. మంటలార్పాక ఇన్‌స్పెక్టర్ వచ్చి, కాలకుండా మిగిలిన అరల ముందు నిలబడ్డాడు. వాటి నిండా మావాడు మడిచిన దుప్పట్లే.

"ఇదంతా ఎవరు చేశార్రా?"

"నేనే సార్!" అన్నాడు తమ్ముడు, ఛాతీ విరుచుకుని.

నేను పరుగెత్తుకొచ్చేసరికి జీపెక్కించేశారు. స్టేషన్లో అదే మాట రాసి వేలిముద్ర వేయించుకున్నారు. "వాడు చెప్పింది మడతల గురించండీ" అని కాళ్లావేళ్లా పడ్డాను. "ఒప్పుకున్నాక ఇంకేంటమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మూడు నెలలు వాణ్ణి చూడ్డానికి జైలుకి వెళ్లిన ప్రతిసారీ ఒకటే పాఠం చెప్పాను: ఎవరేం అడిగినా "నేను కాదు" అనాలి.

"మడిచింది నేనే కదక్కా?" అని ఏడ్చాడు.

"నోరు మూసుకుని చెప్పింది అను," అని కసిరాను.

కోర్టులో జడ్జిగారు అడిగారు. "నిప్పు పెట్టింది నువ్వేనా?"

"నేను కాదు."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"లాండ్రీలో పనిచేసేది నువ్వేనా?"

"నేను కాదు."

"ఈమె తమ్ముడివి నువ్వేనా?"

వాడు నావైపు చూసి, పాఠం సరిగ్గా అప్పజెప్పానన్నట్టు నవ్వాడు. "నేను కాదు."

జడ్జిగారు కలం పక్కన పెట్టేశారు. "దేనికైనా ఒకటే జవాబు. స్టేషన్లో కూడా ఇలాగే చెప్పి ఉంటాడు," అని డాక్టరు పరీక్షకి రాశారు. డాక్టరు కూడా అదే మాట అన్నాడు. నెల తిరక్కుండా కేసు కొట్టేశారు.

సోమవారం ఇద్దరం పనిలోకి వెళ్లాం. మధ్యాహ్నానికి అరలన్నీ నిండాయి, అంచుకి అంచు, మూలకి మూల. ఓనరమ్మ చూసి మురిసిపోయి, తెలిసే అడిగింది. "అబ్బ, ఎంత బాగున్నాయో! ఎవరు చేశారివి?"

వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"నేను కాదు."

"నువ్వేరా, నువ్వే," అన్నాను ఏడుస్తూ. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.