నోరున్న దేన్నీ కొట్టని నలభై రోజులు

నెల్లూరు నుంచి మైపాడు పోయే బస్సులో కాళ్లు పెట్టుకునేదానికి చోటుండదు. కాళ్లు ఇంటికాడ వదిలిపెట్టి రమ్మని ఒక బోర్డు రాయించినా సగం తగాదాలు తగ్గిపోతాయి. సీటు కింద కోళ్లు, సీటు మీద మనుషులు, మనుషుల ఒళ్లో గంపలు. ఇందుకూరుపేటలో డ్రైవరు టీకి దిగితే, తాగినవాడు తాగినట్టు రాడు. కొట్టాయన కూతురి సంబంధం సగం కుదిర్చి వస్తాడు. అందాకా ఇంజను ఊరికే దగ్గుతా ఉంటుంది.

అరవైనాలుగో సంవత్సరం ఎండాకాలంలో అట్లాంటి బస్సులోనే ముత్యాలయ్య ఇస్త్రీ ఫ్యాంటు మీద చేపల గంప నీళ్లు కారినాయి. ఆయన నెల్లూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. పుట్టింది మైపాడు పక్కన పాళెంలో, చేపలు పట్టే ఇంట్లో. ఆ ఇంట్లో పదో క్లాసు దాటిన మొదటివాడు. అందుకని చేపల వాసన తగిలితే ఆయనకు తన సర్టిఫికెట్టు ఎవరో లాక్కున్నట్టుంటుంది.

"కాస్త ఓర్చుకోండి సార్, గంపామె ముందు స్టాపులో దిగిపోతాది" అన్నాడు కండక్టరు.

ముత్యాలయ్య కొట్టిన దెబ్బకు కండక్టరు నోట్లో ఈల ఎగిరి చేపల గంపలో పడింది. ఆ వారంలో అది మూడో చెంప. మొదటిది రిక్షా అతనిది, రెండోది ఆఫీసు ప్యూనుది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే పెళ్లాం పేరమ్మ పిట్టగోడ మీద ఎండుచేపలు ఆరబెట్టింది. పక్కింటి హెడ్‌మాస్టరు భార్య ముక్కు మూసుకుని లోపలికి పోవడం ఆయన కళ్లారా చూసినాడు. హెడ్‌మాస్టరు భార్యను కొట్టడం మర్యాద కాదు కాబట్టి పేరమ్మను కొట్టినాడు. ముందు పన్ను సగం విరిగి ముగ్గులో పడింది.

పేరమ్మ ఏడవలా. పంటిముక్క కొంగున ముడేసుకుని, ఎండుచేపలు ఒక్కటి వదలకుండా గంపకెత్తుకుని, పుట్టింటికి పోయింది.

మేనరికంలో సౌకర్యం ఏమంటే, పెళ్లాం పుట్టింటికి పోయినా మనవాళ్ల ఇంటికే పోతుంది. ఇబ్బందీ అదే. పేరమ్మ ముత్యాలయ్యకు మేనత్త కూతురు. మేనత్త కామమ్మ గుడిసె, ఆయన తండ్రి చెంగయ్య గుడిసె ఒకే వరసలో ఉంటాయి. మూడో రోజు ముత్యాలయ్య పోతే, కామమ్మ కత్తిపీట వాకిట్లో అడ్డంగా పెట్టి కూర్చోనుంది.

"అత్తా, పేరమ్మను పిలువు."

"పిలిస్తే వస్తాదా? ఇంకా ముప్పై ఒక్క పండ్లు మిగిలుండాయి దానికి. అవి జాగ్రత్త చేసుకుంటా ఉంది."

లోపల్నుంచి పేరమ్మ మాట వినపడింది. "బావా, నలభై రోజులు. నోరున్న దేన్నీ కొట్టగూడదు. మనిషి, కుక్క, కాకి, ఏదీ. నలభయ్యో రోజు వచ్చి పోలేరమ్మ గుళ్లో నాకు చెప్పు. కొట్టలేదంటే వస్తా. కొట్టినావంటే నాకు మొగుడు లేడు, నీకు పెళ్లాం లేదు."

తిరిగొచ్చేటప్పుడు దారికి అడ్డమొచ్చిన ఎద్దును ఒక తన్ను తన్నినాడు. కాబట్టి లెక్క మర్నాటి నుంచి మొదలైంది.

ఆదివారం ఆదివారం మద్రాసు నుంచి విజయభాస్కర్ అనే డాక్టరు వచ్చి ట్రంకురోడ్డులో ఒక బట్టలకొట్టు మేడ మీద కూర్చుంటాడు. మనసుకు వైద్యం చేస్తాడంట. ముత్యాలయ్య మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుని మెట్లెక్కినాడు. అట్లాగే గొడుగు అడ్డం పెట్టుకుని దిగుతా ఉన్న తన హెడ్‌క్లర్కు రాజగోపాలానికి గుద్దుకున్నాడు. మేడ మీద కళ్లజోళ్లు చవగ్గా దొరకతాయని విన్నామని ఇద్దరూ చెప్పుకున్నారు.

"సూది వెయ్యరా?" అన్నాడు ముత్యాలయ్య.

"వెయ్యను."

"పోనీ మాత్రలు?"

"లేవు. మాట్లాడండి. ఎవరినైనా కొట్టేముందు మీకేమవుతుంది?"

"కొట్టాలనిపిస్తుంది."

డాక్టరు అది చాలాసేపు రాసుకున్నాడు. చివరికి, చెయ్యి ఆగకపోతే దిండును కొట్టమన్నాడు. కొట్టేటప్పుడు నోటికొచ్చిన మాటలన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పమన్నాడు.

ముత్యాలయ్య దిండును కొట్టినట్టు శత్రువును కూడా ఎవరూ కొట్టరు. మోకాలు వేసి తొక్కి, పిడికిళ్లతో కుమ్మి, చెవులు పట్టుకుని గోడకేసి బాదినాడు. దిండుకు చెవులుంటాయని ఆ వీధికి అప్పుడే తెలిసింది. పది రోజుల్లో ఆరు దిండ్లు చచ్చిపోయినాయి. ఇల్లంతా బూరుగుదూది ఎగరతా ఉంటే అన్నంలో ఏరుకుని తిన్నాడు.

రెండో ఆదివారం డాక్టరు అడిగినాడు. "కొట్టేటప్పుడు ఏమంటున్నారు?"

"ఏడిస్తే ఇంకా కొడతా అంటున్నానండీ."

"దిండు ఏడవదు కదా. ఆ మాట ఎవరిది?"

ముత్యాలయ్య కిటికీలోంచి రోడ్డు చూసినాడు. జేబులో పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత చెప్పినాడు. ఆరేళ్లప్పుడు నాయన తెప్ప మీద సముద్రంలోకి తీసకపోయినాడు. అలలకు కడుపులో తిప్పి, వల మీద వాంతి చేసుకున్నాడు. నాయన తెడ్డు తిరగేసి కొట్టినాడు. భుజం ఎముక విరిగింది. ఏడిస్తే ఇంకా కొడతా అన్నాడు. చుట్టూ నీళ్లు, పరిగెత్తేదానికి చోటు లేదు. సాయంత్రం ఒడ్డుకొచ్చేదాకా ఏడవలేదు. ఒడ్డుకొచ్చినాక కూడా ఏడవలేదు.

ముప్పై ఏళ్ల బాకీ ఏడుపు ఆ మేడ మీద ముప్పావుగంటలో ఏడ్చినాడు. కింద బట్టలకొట్టులో బేరాలు ఆగిపోయినాయి. డాక్టరు ఇచ్చిన చేతిగుడ్డను తర్వాతి వారం ఉతికి, ఇస్త్రీ చేసి, మడత చెడకుండా తిరిగిచ్చినాడు.

చచ్చిన దిండ్లను బాగుచేసేది కోటమిట్టలో దూదేకుల దరియావలి. గడ్డం నెరిసిన మనిషి. ఆరు దిండ్లు ఒక్కసారి చూసి, "అయ్యా, మీ ఇంట్లో ఎలుగ్గొడ్డు గానీ పండుకుంటా ఉందా?" అన్నాడు.

ముత్యాలయ్యకు ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. పద్నాలుగో రోజు మరి. ఆ చెయ్యిని ఏం చెయ్యాలో తెలీక తల గోక్కున్నాడు. దరియావలి చూసినాడు. పైనుంచి వేలాడే దూదేకే విల్లును ఆయన ముందుకు జరిపి, చేతిలో చెక్క గుండు పెట్టినాడు.

"కొట్టు. దూదిని కాదు, నరం తీగెను. తీగె అదిరి దూదిని తాకతాది, దూది విచ్చుకుంటాది. దెబ్బ తీగె తింటాది, దూది తినదు. నేను దెబ్బకొకసారి అల్లా పేరు తలుచుకుంటా. నువ్వు మీ అమ్మోరిని తలుచుకో. పేరు ముందు, దెబ్బ తర్వాత. దెబ్బ ముందు పడిందా, అది కోపం. గుండు నా చేతికిచ్చేసి లేచిపో."

మొదటి రోజు పదిసార్లు లేచిపోయినాడు. గుండు జారి మోకాలి చిప్ప మీద పడి వాచింది. తీగె తెగి మొహాన కొరడాలాగా తగిలి చారపడింది. రోజూ ఆఫీసు విడిచినాక పోయి గంటసేపు ఏకినాడు. పోలేరమ్మ తల్లీ, టంగ్. పోలేరమ్మ తల్లీ, టంగ్. ఇరవైయైదో రోజుకు గంటలో ఒక్కసారి కూడా లేవలా. దరియావలి భార్య చాంద్‌బీ, "కూలి తీసుకోకుండా ఇంత బాగా ఏకేవాణ్ణి యాడ పట్టినావు?" అని మొగుణ్ణి మెచ్చుకుంది.

ఈ లోపల వీధిలో పెద్దమనుషులకు దిండు సంగతి తెలిసింది. హెడ్‌మాస్టరు వచ్చి, "ఊరికే చూద్దామని" ఒకసారి కొట్టినాడు. రెండోసారి కొట్టేటప్పుడు అత్తగారి పేరు బయటికొచ్చింది. రాజగోపాలం వచ్చి ఆఫీసరు పేరుతో కొట్టినాడు. ముప్పై ఒకటో రోజు సాయంత్రం, ముందు ఎవరి వంతు అనే దాని మీద ఇద్దరూ తగులుకున్నారు. గీతా ఉపన్యాసాలకు ముందు వరసలో కూర్చునే మనుషులు. రాజగోపాలం హెడ్‌మాస్టరు చెవి కొరికినాడు. హెడ్‌మాస్టరు చెంబుతో రాజగోపాలం నెత్తి పగలగొట్టినాడు. రక్తం కారతా ఉన్నా ఒకర్నొకరు "మీరు" అనే పిలుచుకున్నారు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని మధ్యలోకి పోయిన ముత్యాలయ్యకు ఇద్దరి దెబ్బలూ తగిలినాయి. ఆయన మాత్రం ఎవర్నీ కొట్టలా. దిండొక్కటే ఆ రోజు సుఖంగా ఉంది.

నలభయ్యో రోజు పాళెం పోయినాడు. కొట్టకుండా ఉంటే సరిపోదు, తెప్ప మీద తిన్న దెబ్బ సంగతి నాయనకు చెప్పాలని తనే నిర్ణయించుకున్నాడు. డాక్టరు తొందరపడొద్దనే అన్నాడు.

చెంగయ్యకు డెబ్భై ఏళ్లు. తెప్ప పక్కన ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటా ఉండాడు. పేరమ్మ, కామమ్మ గుడిసె ముందర నిలబడి చూస్తా ఉండారు. పేరమ్మ చేతిలో బట్టల మూట. కొట్టి ఉంటే మనిషి ఇంత నెమ్మదిగా నడిచిరాడని ఆమెకు దూరం నుంచే తెలిసింది. పోలేరమ్మ గుళ్లో ఒక్క మాట చెప్పడమే బాకీ.

"నాయనా, నీకో మాట చెప్పాల."

"ఫ్యాంటు తడస్తాది, దూరంగా నిలబడి చెప్పు."

"నాకు ఆరేళ్లప్పుడు తెప్ప మీద నన్ను తెడ్డుతో కొట్టినావు. భుజం విరిగింది."

"ఏ రోజు?"

"వాంతి చేసుకున్న రోజు."

"నువ్వు వాంతి చేసుకోని రోజేది?"

"నాకు భయమేసింది నాయనా. ఇప్పటికీ ఆ భయమే. భయపడి భయపడి, నువ్వు నన్ను కొట్టినట్టే నేను దాన్ని కొట్టినా."

వల మీద ముసలాయన చేతులు ఆగిపోయినాయి. వలలు వేసుకునేవాళ్లు నలుగురైదుగురు తలలు తిప్పి చూసినారు. ఆ చూపులే చెంగయ్యకు గుచ్చుకున్నాయి. "ఫ్యాంటేసుకోనొచ్చి ఊరి ముందర నాకు పంచాయితీ పెడతావంట్రా?" అని లేచి తెడ్డు అందుకున్నాడు.

మొదటి దెబ్బ వీపున పడింది. పోలేరమ్మ తల్లీ, అనుకున్నాడు ముత్యాలయ్య. రెండోది చెవి మీద పడి చొక్కా కాలరంతా ఎర్రబడింది. పోలేరమ్మ తల్లీ. "అన్నా! చచ్చిపోతాడు, వొదులన్నా!" అని కామమ్మ అరిచింది. మూడోది పాత భుజం మీదే పడింది. ఈసారి పేరు రాలా. చెయ్యి వచ్చింది. తెడ్డు పట్టుకుని ఒక్క లాగు లాగినాడు. ముసలాయన తెప్ప దుంగ మీద పడినాడు. మణికట్టు ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు టప్పుమంది.

అంతా ఒక్క క్షణం. ముత్యాలయ్య తెడ్డు పారేసి, చొక్కా చించి, నాయన చేతికి కట్టినాడు. ముడి గట్టిగానే పడింది.

కామమ్మ తీర్పు చెప్పేసింది. "కొట్టలా. దెబ్బ ఆపుకున్నాడు, అంతే. నేను చూసినా." చూసినవాళ్లందరూ అదే మాటన్నారు. చెంగయ్య ఒక్కడే విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నొప్పితో పళ్లు కొరకతా నవ్వినాడు. "కాదుకాదు, లాగినాడు. ఇన్నాళ్లకు నా కొడుకు అనిపించుకున్నాడు!" జీవితంలో మొదటిసారి తండ్రి మెచ్చుకున్నాడు. ముత్యాలయ్య ఆ మెచ్చుకోలుకు తల దించుకుని, కట్టిన ముడినే సరిచేసినాడు.

పేరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చెవి కడిగింది. మూట భుజాన వేసుకుని గుడివైపు నడిచింది. వెనకాల ఈయన.

గుళ్లో ఆమె అమ్మోరి ముందు నిలబడి అడిగింది. "నలభై రోజులైనాయి బావా. అందరూ ఏదో ఒకటి చెప్పినారు. నువ్వు చెప్పు. నోరున్న దేన్నన్నా కొట్టినావా?"

కొట్టలేదు. అది నిజం. ఊరంతా సాక్ష్యం. కానీ తెడ్డు లాగినప్పుడు ముసలోడు పడాలని అనుకున్నాడు. రెప్పపాటు సేపు, విరగాలని కూడా అనుకున్నాడు. రెండు నెలల ముందరైతే అట్లా అనుకున్న సంగతి ఆయనకే తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. వైద్యం కుదిరిందనేదానికి గుర్తు అదేనంటే, ఇంత దిక్కుమాలిన వైద్యం ఇంకోటి లేదు. చెప్తే ఆమె వెనక్కి తిరిగి పోతుంది. చెప్పకపోతే ఈ పొద్దే ఆయనతో వస్తుంది, ఇద్దరి మధ్యా ఆ రెప్పపాటు కాపురానికొస్తుంది.

అయ్యలారా, అమ్మలారా, ఆయన నోరు తెరిచి అట్లాగే నిలబడి ఉండాడు. నాకా ఏం చెప్పించాలో పాలుపోవడం లేదు. మా ఇంట్లో అడిగితే "ముందు నీ సంగతి చెప్పు" అన్నారు, అందుకని మళ్లీ అడగలా. మీలో కాపురం చేసినవాళ్లు ఉంటారు, దెబ్బలు తిన్నవాళ్లు ఉంటారు, కొట్టినవాళ్లూ ఉంటారు, కాదనకండి. ఒక కార్డుముక్క రాసి పడేయండి. చెప్పమంటారా, వద్దంటారా? పుణ్యముంటుంది, కాస్త తొందరగా రాయండి. ఆమె భుజాన మూట బరువుగా ఉంది.