పగ్గం కట్టిన కారు

ఆదోని మున్సబు కోర్టు బయట అర్జీలు రాసుకు బతికే నా దగ్గరికి అందరూ ఏదో ఒక కాగితం పట్టుకునే వస్తారు. ఎమ్మిగనూరు మాదన్న మాత్రం ఉత్త చేతులతో వచ్చి, తన పగ్గం పోయిందన్నాడు.

"పగ్గం పోతే సంతలో ఇంకొకటి కొనుక్కో," అన్నాను.

"అది దానంతట అది పోలేదప్పా. కారుతో పోయినాది."

అప్పుడు కలం మూత తీశాను.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. మాదన్న ఎమ్మిగనూరు నుంచి ఆదోని రైలుకు మనుషుల్నీ, చీరల మూటల్నీ ఎద్దులబండి మీద చేరవేసేవాడు. బస్సు పడ్డాక బండెక్కేవాళ్లు తగ్గిపోయారు. కారు కొని బాడుగకు తిప్పుదామన్న ఆలోచన వచ్చింది. ఎద్దుల్నీ బండినీ తన ఊరివాడే అయిన నాగన్నకు అమ్మేసి, ఆ సొమ్ము తెచ్చి ఆదోనిలో పాత కార్లమ్మే బసవన్నకు బయానా ఇచ్చాడు. మిగతాది గురువారం తెస్తాను, అందాకా కారు ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. చీటీ రాయించుకోలేదు. భుజాన ఉన్న పగ్గం తీసి కారు ముందు బంపరుకు కట్టి వచ్చాడు.

మా పశువుల సంతలో కట్టుబాటు అదే. బేరం కుదిరాక కొన్నవాడు తన పగ్గం కడతాడు. ఆ పగ్గం ఉండగా ఆ గొడ్డును ఇంకొకడు అడగకూడదు, అమ్మేవాడు ఇంకొకడికి ఇవ్వకూడదు.

"నువ్వు కడుతుంటే బసవన్న ఏమన్నాడు?" అని అడిగాను.

"నగినాడు. కట్టుకోప్పా, మేత గూడా ఏసిపో అన్నాడు."

గురువారం వెళ్తే కారు లేదు. ఎమ్మిగనూరు కాంపౌండరు జయరాజు ఎక్కువిచ్చి పట్టుకుపోయాడు. బసవన్న బయానా మాదన్న ఒళ్లో పడేసి, పగ్గం ముడి ఊడక కారుతోనే పంపేశానన్నాడు.

"బయానా వాపసొచ్చింది కదా. పైగా చట్టం నీకు నష్టపరిహారం కూడా ఇప్పిస్తుంది. దావా వేస్తే నాలుగేళ్లలో తేలిపోతుంది," అన్నాను.

"నాలుగేండ్లు నేనేం తోలల్లప్పా?"

ఎద్దులు లేవు, కారు లేదు, వాడికి ఇంకొక పని రాదు. నాకు జాలేసింది. జాలి మా వృత్తికి మంచిది కాదు, అయినా కూర్చుని రెండు పేజీల నోటీసు రాశాను.

బసవన్న దాన్ని తన షెడ్డులో మా ఎదుటే చదివాడు. తర్వాత దానితోనే ఒక టైరుకంటిన మట్టి తుడిచాడు.

"పగ్గం ఎద్దులకప్పా. కారుకేమన్నా ముక్కుతాడుందా?" అన్నాడు.

నా రెండు పేజీలు! ఒళ్లు మండిపోయింది. జయరాజు చేత సాక్ష్యం చెప్పించైనా వీడి పొగరు అణచాలని, మాదన్నను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఎమ్మిగనూరు ఇంకా కొంత దూరముందనగా ఆ కారే మాకు ఎదురొచ్చింది. దాన్ని రెండు ఎద్దులు లాగుతున్నాయి. బస్సు ఆపించి దిగాం. లోపల జయరాజు టోపీ పెట్టుకుని స్టీరింగు పట్టుకున్నాడు. ముందు నాగన్న ఎద్దుల్ని తోలుతున్నాడు. బంపరుకూ కాడికీ మధ్య ఉన్నది మాదన్న పగ్గమే. ఎద్దులు కూడా మాదన్న అమ్మినవే.

మాదన్నను చూసి ఎద్దులు నిలబడిపోయాయి. నాగన్న ఎంత అదిలించినా కదల్లేదు.

జయరాజు తల బయట పెట్టాడు. "మూడు రోజులు నడిచిందండీ. ఆ తర్వాత నన్ను నడిపిస్తోంది. బసవన్నకే తిరిగి ఇచ్చేద్దామని పోతున్నాను," అన్నాడు.

మాదన్న ఆయన మాట వినలేదు. "నాగన్నా, ఎద్దుల్ని మళ్లా నాకిస్తావా?" అన్నాడు.

"ఈ కారు చెడినకాడి నుంచి వీటికి రోజూ బాడుగే. రెండింతలిస్తే సూద్దాంలే," అన్నాడు నాగన్న.

మాదన్న నాలుకతో టక్కుమనిపించాడు. ఎద్దులు కదిలాయి.

మర్నాడు పొద్దున ఆదోని చేరాం. ఆ రోజు పశువుల సంత. బసవన్న షెడ్డుకు సంతలోంచే దారి. సంతలో బేరాల చీటీలు రాసి, తగువులు తీర్చే నబీ సాబ్, కారును చూసి నవ్వలేదు. వంగి బంపరు దగ్గరి ముడి చూశాడు. ఆయనకు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ముడి ఎలా ఉంటుందో తెలుసు.

"ఇది మాదన్న ముడి. కారు ఇంకొకరి చేతిలో ఎట్లుండాది?" అన్నాడు.

సంగతంతా చెప్పాను. బసవన్నను పిలిపించారు.

"ఈయప్ప పగ్గం కడుతుంటే నువ్వు కట్టుకోమన్నావా లేదా?" అని అడిగాడు నబీ సాబ్.

"నగులాటకన్నాను సాబ్."

"బేరంలో నగులాట లేదు. జయరాజుకు ఆయన సొమ్ము ఇచ్చెయ్. కారు మాదన్నది."

చుట్టూ చర్నాకోలలతో నిలబడ్డ జనాన్ని చూశాక బసవన్నకు కట్టుబాటు మీద గౌరవం కలిగింది. జయరాజు సొమ్ము జయరాజుకిచ్చాడు. చెడిపోయిన కారు మాదన్న నెత్తికే చుట్టుకుంది కదా అని కాబోలు, లోలోపల నవ్వుకుంటున్నాడు. నా మనసు చివుక్కుమంది. హక్కంటూ తిరిగి వాడికి నేను ఇప్పించింది ఇదా అనుకున్నాను.

మాదన్న నబీ సాబ్ వైపు తిరిగాడు.

"పగ్గం కట్టినోడికి, పది అడుగులు నడిపించి సూసుకునే హక్కుండాది గదా సాబ్?"

"ఎందుకు లేదు? అవిటిదైతే పగ్గం ఇప్పుకొని పోవచ్చు."

"అయితే నడిపించమను."

బసవన్న మొహంలో నవ్వు పోయింది. హ్యాండిలు పెట్టి తిప్పాడు. కారు దగ్గింది. మళ్లీ తిప్పాడు. ఆ దగ్గు కూడా రాలేదు. జనం పదింటిలో ఒక్క అడుగు కోసం ఓపిగ్గా చూశారు.

మాదన్న వంగి తన పగ్గం విప్పుకున్నాడు. "ఇది నడిసే గొడ్డు కాదు. నాకొద్దు."

తిన్నగా నాగన్న దగ్గరికి పోయి, వేళ్లతో ధర చెప్పుకునే సంత పద్ధతిలో తువ్వాల కింద చెయ్యి చాచాడు. రోజూ కారు లాగించుకుని బాడుగిచ్చే కాంపౌండరు ఇక లేడు. నాగన్న కాసేపు ఆకాశం చూసి, వాడి వేళ్లు పట్టుకున్నాడు. బండితో సహా, కొన్న ధరకే ఇచ్చేశాడు.

మాదన్న పగ్గం ఎడమవైపు ఎద్దుకు కట్టాడు. దాని మెడ మీద తల ఆనించి, అంతమందిలో భోరుమని ఏడ్చాడు. "ఆ ఇనుముకోసరం నిన్ను అమ్ముకుంటి గదరా," అన్నాడు. నాకూ కళ్లు తడిశాయి. దాచుకోలేదు.

వెనక నుంచి బసవన్న కేకేశాడు. "మాదన్నా, పోతా పోతా కారును షెడ్డు దాకా లాగించి పోప్పా!"

మాదన్న ఎద్దు మెడ మీంచి తల ఎత్తలేదు.

"పగ్గం ఎద్దులకప్పా," అన్నాడు.